వారానికి ఎనిమిది రోజులు

"ఎనిమిది రోజులేంటమ్మా? వారానికి ఎనిమిది రోజులు ఎక్కడైనా ఉంటాయా?"

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండానే అందుకున్నాడు జయపాల్. అచ్చాయమ్మ నేల మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. రేపు ఆదివారం. మనవరాలు తబిత వస్తుంది. దానికి గోంగూర వేసిన కోడికూర ఉంటే చాలు, ఇంకే కూరా అక్కర్లేదు.

"ముందు లోపలికి రా. వీధిలో నిలబడి లెక్కలు చెప్పకు," అంది.

వచ్చాడు. పిల్లని చర్చిలో పాటల ప్రాక్టీసుకి దింపి ఇటే వచ్చినట్టున్నాడు, బండి తాళం ఇంకా చేతిలోనే ఉంది.

"నిన్న రాజమండ్రి కోర్టులో మీడియేటర్ మేడమ్ మా ఇద్దరి కాయితాలూ పక్కపక్కన పెట్టింది. పాప వారానికి నాలుగు రాత్రులు నా దగ్గరుంటుందని నేను రాశాను. నాలుగు రాత్రులు తన దగ్గరుంటుందని ఆవిడ రాసింది. నాలుగూ నాలుగూ ఎనిమిది. 'మీ మండపేటలో వారానికి ఎనిమిది రోజులాండీ?' అనడిగింది మేడమ్. పరువు పోయిందనుకో."

ఆవిడంటే అతని భార్య ప్రిస్కిల్లా. రెండేళ్ల కిందటి దాకా ఆ పేరు జయపాల్ నోట్లో రోజుకి వందసార్లు ఆడేది. విడిపోయిన దగ్గర్నుంచీ 'ఆవిడ' అయింది.

నిజం చెప్పాలంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం రాయలేదు. తప్పంతా చర్చి పాస్టరు ఏసుపాదం అయ్యగారు రాసిన ఒప్పంద కాయితంలో ఉంది. మొగుడూ పెళ్లాలు ఇక కలవరని తేలిన రోజున, సంఘ పెద్దల ముందు, అయ్యగారు తన చేత్తోనే రాశారు. 'సోమ, మంగళ, బుధవారములు బిడ్డ తల్లి యొద్ద ఉండవలెను. గురు, శుక్ర, శనివారములు తండ్రి యొద్ద ఉండవలెను. ఆదివారము దేవుని దినము గనుక ఎవరి లెక్కలోనికిని రాదు. బిడ్డ ఎవరి యొద్ద ఎక్కువ దినములుండునో వారికి రెండవవారు పోషణ నిమిత్తము సొమ్ము ఇయ్యవలెను.' పెద్దలందరూ తలలూపారు. కాపురాన్ని ఆరు రోజుల్లో పంచేసి ఏడో రోజున విశ్రమించారు. ఆ తర్వాత అయ్యగారికి నరసాపురం బదిలీ అయింది.

దేవుని దినమే గాని, ఆరాధన అయ్యాక ఆ పిల్లకి అన్నం పెట్టి, నూనె రాసి తలంటి, పక్కలో పడుకోబెట్టుకునే పని దేవుడు చెయ్యడు గదా. చర్చికి నాలుగిళ్ల అవతల అచ్చాయమ్మ ఉంది. రెండేళ్లుగా ఆదివారం రాత్రి పిల్ల అక్కడే. మా అమ్మ ఇల్లంటే నా ఇల్లే అనుకుని జయపాల్ ఆదివారాన్ని తన కింద రాసుకున్నాడు. సోమవారం పొద్దున్నే వెళ్లి జడ వేసి స్కూలుకి తీసుకెళ్లేది నేనే గదా అని ప్రిస్కిల్లా తన కింద రాసుకుంది. ఇద్దరూ ఒట్టేసి చెప్పగలరు.

"మంగళవారం నిన్ను తీసుకురమ్మంది," అన్నాడు జయపాల్. "ఆదివారం రాత్రి పాప ఎవరి దగ్గర పడుకుంటుందో నీ నోటితో చెప్పాలంట."

"నా దగ్గర పడుకుంటుంది."

"అదే, మన ఇంట్లో అని చెప్పు."

"నా ఇంట్లో అంటాను."

"నీ ఇల్లు నా ఇల్లు కాదా?"

అచ్చాయమ్మ కాడలన్నీ ఒక పక్కకి తోసింది. "మొన్న రేకు కారుతోందంటే 'నీ ఇల్లు నువ్వు చూసుకోవాలమ్మా, నాకు మిల్లులో సెలవు దొరకదు' అన్నావు. ఇవాళ్టికి నీదైపోయిందా?"

జయపాల్ మండపేటలోనే ఓ రైసు మిల్లులో, బియ్యంలోంచి నల్లగింజని ఏరిపారేసే సార్టెక్స్ మిషను మీద ఆపరేటర్. పని బాగా తెలిసినవాడు. తాగడు, పేకాడడు. తన మాట నెగ్గకపోతే మాత్రం ఆ పూటకి అన్నం ముట్టడు.

"నాకు డబ్బు బరువనుకుంటున్నావా?" అన్నాడు, గొంతు తగ్గించి. "మొన్న మే దాకా నెలకి ఆరువేలు చొప్పున లెక్క చూడకుండా ఇచ్చాను. స్కూలు ఫీజూ నేనే కడుతున్నాను. ఆదివారం పక్కన పెట్టినా పాప మూడు రోజులు నా ఇంట్లో తింటోంది, మూడు రోజులు ఆవిడింట్లో తింటోంది. సమానం. సమానమైనప్పుడు ఒకళ్లకొకళ్లు ఇవ్వడమేంటి? కాయితంలో ఉన్నదే అడుగుతున్నాను. జూన్ నుంచి ఆపింది అందుకే."

అచ్చాయమ్మ ఇంకో గోంగూర కట్ట ముందుకి లాక్కుంది.

"ఇవ్వకపోతే ఆవిడ మొగల్తూరు పోతానంటోంది. వాళ్ల అన్నయ్య శ్యాంబాబు అక్కడేదో స్కూల్లో ఉద్యోగం చూశాడంట. పోతే పోనీ. పాప చదువు ఇక్కడే. నాకు షిఫ్టులు. వారమంతా నీ దగ్గరే ఉంటుంది. నీకూ తోడు."

పిల్లని తీసుకురావాలంటూ లేచాడు. ఆ చివరి మాటని మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్లాడు.

వారమంతా! అచ్చాయమ్మ ముప్ఫై ఏళ్లు మిషనరీల బోర్డింగులో ఎనభైమంది ఆడపిల్లలకి వండి వార్చింది. ఇప్పుడు ఒక్క గిన్నెలో వండుకుని ఒక్క కంచంలో తింటోంది. వారానికి ఒక్క రోజు ఆ ఇంట్లో రెండో కంచం పడుతుంది. అది ఏడు రోజులూ పడుతుందంటే ఎవరికి చేదు? బెల్లం ముక్కలా ఆ మాటని ఆ సాయంత్రమంతా చప్పరించింది. సిగ్గేసింది గాని, చప్పరించడం మానలేదు.

*

మర్నాడు ఆరాధన అయ్యాక ప్రిస్కిల్లా వచ్చింది. చేతిలో సోమవారం యూనిఫాం, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టినది.

"వందనాలత్తయ్యా."

"వందనాలు. కూర్చో. అన్నం తింటావా?"

"తినేసొచ్చానండి."

తినలేదని మొహమే చెబుతోంది. అచ్చాయమ్మకి ఈ కోడలంటే మొదట్నుంచీ ప్రాణమేం కాదు. చదువుకున్న పిల్ల, ప్రైవేటు స్కూల్లో టీచరు, మాట తూచినట్టు మాట్లాడుతుంది. అలా మాట్లాడేవాళ్లతో గట్టిగా పోట్లాడటానికి కూడా కుదరదు.

తబిత రెండోసారి కూర వేయించుకుని తినేసి, చేతులు కడుక్కుని, పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి వీధిలోకి పరిగెత్తింది. ఇద్దరాడవాళ్లూ మిగిలారు. ఫ్యాను టకటకమని తిరుగుతోంది.

"మంగళవారం రమ్మన్నారంట కదా మిమ్మల్ని," అంది ప్రిస్కిల్లా.

"ఆఁ."

"ఏం చెప్పాలో నేను చెప్పనత్తయ్యా. ఉన్నది చెప్పండి. ఉన్నది చెప్తే నాకే నష్టమని కూడా తెలుసు. ఊరికే మీకో మాట చెప్పాలని వచ్చాను. సామాన్లు సర్దుతున్నాను."

"అప్పుడేనా?"

"నాలుగు నెలల్నుంచీ చేబదుళ్లతో అద్దె కట్టాను. ఇంక అడిగేవాళ్లు లేరు. ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తానని ఇంటివాళ్లకి చెప్పేశాను. డబ్బు తేలితే ఉంటాను. లేకపోతే అన్నయ్య బండి తీసుకొస్తాడు."

"వాడనేది కూడా న్యాయంగానే ఉంది కదమ్మా," అంది అచ్చాయమ్మ, అనకూడదనుకుంటూనే. "ఇద్దరూ సమానంగా చూసుకుంటున్నారు. మళ్లీ ఇవ్వడమెందుకంటాడు."

ప్రిస్కిల్లాకి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"పిల్ల నా దగ్గర మూడు రోజులే ఉంటుందండి. ఇల్లు మూడు రోజులకి ఎవరిస్తారు? మంచం మూడు రోజులకి ఎవరిస్తారు? ఒంటిదాన్నయితే స్కూలు హాస్టల్లో వార్డెనుగా ఉండిపోయేదాన్ని, అద్దె లేకుండా. పిల్ల వస్తుందనే కదా ఆ రెండు గదులూ పట్టుకుని వేలాడుతున్నాను. ఆయనకొచ్చే జీతం ముప్ఫై ఎనిమిదివేలు, నాది పద్నాలుగు. సమానమంటే రోజులొక్కటేనా అత్తయ్యా?"

బోర్డింగులో పెద్దపిల్లకీ చిన్నపిల్లకీ ఒకే గరిటె పెడితే ఏమవుతుందో అచ్చాయమ్మకి తెలియనిది కాదు.

"నేను వెళ్తే సమానం గొడవే ఉండదు," అంది ప్రిస్కిల్లా. "నెలకోసారి బస్సెక్కి వచ్చి చూసుకుంటాను. సెలవులకి తీసుకెళ్తాను. అంతే."

"దాన్ని తీసుకుపోవచ్చుగా నీతో?"

"వాళ్ల నాన్నగారు ఊరుకుంటారా? ఊరుకున్నా నేను తీసుకెళ్లను. తబితకి ఆయనంటే ప్రాణం. దాన్నక్కడ పెట్టి ఏడిపించలేను."

లేచి యూనిఫాం మంచం మీద పెట్టింది. గుమ్మం దాటుతూ ఆగి, "జడకి రిబ్బన్లు కవర్లోనే ఉన్నాయండి," అంది. రేపు పొద్దున్న జడ వేయడానికి తనే వస్తుంది. అయినా చెప్పింది.

సాయంత్రం తలకి నూనె రాయించుకుంటూ తబిత తనంతట తనే ఎత్తుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల, దానికి తెలియదనుకోవడం పెద్దవాళ్ల తెలివితక్కువ.

"మామ్మా, మా క్లాసులో సాయిప్రసన్న రోజూ అడుగుతుంది, ఇవాళ నువ్వెవరి పిల్లవే అని."

"నువ్వేమంటావు?"

"సోమవారం అయితే అమ్మ పిల్లనంటాను. గురువారం అయితే నాన్న పిల్లనంటాను."

"ఆదివారమో?"

"ఆదివారం స్కూలుండదుగా. ఎవరూ అడగరు." మళ్లీ తనే, "అడిగితే నీ పిల్లనంటాను," అంది.

అచ్చాయమ్మ చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది.

"అమ్మ మొగల్తూరు వెళ్తే నా సోమవారం ఎక్కడికి పోతుంది మామ్మా?"

"ఎక్కడికీ పోదు. తల కదపకు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. ఇక్కడ కప్పా పామూ కూడా తనవాళ్లే. ఆ రాత్రి ప్రార్థనలో అచ్చాయమ్మ ఏం అడగాలో తెలియక, పిల్లకి మంచి బుద్ధి ఇమ్మని మాత్రం అడిగి పడుకుంది.

*

మంగళవారం ముగ్గురూ రాజమండ్రి ఒకే బస్సులో వెళ్లారు. ఒక్కొక్కరూ ఒక్కో సీట్లో కూర్చున్నారు. ద్వారపూడిలో జయపాల్ దిగి మూడు టీలు తెచ్చాడు. ప్రిస్కిల్లా తీసుకుని "థాంక్సండి" అంది. కొత్తవాళ్లతో అన్నట్టే అంది.

మీడియేటర్ జగదాంబ మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. బల్ల మీద కాయితాలు తప్ప ఇంకేమీ పెట్టుకోదు. అచ్చాయమ్మని తన ఎదురు కుర్చీలో కూర్చోమంది.

"అచ్చాయమ్మగారూ, ఇది కోర్టు హాలు కాదు. భయపడక్కర్లేదు. ఆదివారం రాత్రి పాప ఎక్కడ పడుకుంటుందండి?"

"నా దగ్గరండి."

"మీ అబ్బాయి ఇంట్లోనా?"

"కాదండి. నా ఇంట్లో. వాడి ఇల్లు మిల్లు దగ్గర, నాది చర్చి వీధిలో."

"సోమవారం పొద్దున్న?"

"వాళ్లమ్మ వచ్చి జడ వేసి తీసుకెళ్తుందండి. రాత్రి మాత్రం నా దగ్గరే. ఇద్దరి లెక్కా తప్పేనండి."

చెప్పేసింది. జయపాల్ ఊపిరి వదిలాడు. మూడూ మూడూ ఆరు, ఏడోది ఎవరిదీ కాదు. ప్రిస్కిల్లా కిటికీలోంచి బయటకి చూస్తోంది.

మేడమ్ కాయితం మీద ఏదో రాసుకుంది. "జయపాల్ గారూ, ఒక మాట. రోజులు సమానమైతే డబ్బు అక్కర్లేదని చట్టంలో ఏమీ లేదండి. కోర్టుకెళ్తే ఇద్దరి సంపాదనా చూస్తారు. కాకపోతే అది తేలడానికి ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను. మీ పాస్టర్ గారి కాయితం మీద ఇద్దరూ నిలబడతామంటే, దాని ప్రకారం ఈ పూటే తేల్చేసుకోవచ్చు."

"నేను దాని మీదే నిలబడుతున్నానండి," అన్నాడు జయపాల్. "ఎవరి దగ్గర ఎక్కువ రోజులుంటే వాళ్లకి రెండోవాళ్లు ఇవ్వాలని ఉంది. ఎవరి దగ్గరా ఎక్కువ లేవు."

"మీరేమంటారమ్మా?"

"నాకు అన్నాళ్లు ఆగే ఓపిక లేదు మేడమ్," అంది ప్రిస్కిల్లా. "ఓపికంటే, అద్దె."

ఆ ఒక్క మాటా చాలా మామూలుగా అంది. బజారులో కూరగాయల ధర చెప్పినట్టు. అచ్చాయమ్మకి ఇంతకుముందు ఈ పిల్ల మీదున్న కోపాలన్నీ గుర్తుకొచ్చాయి. ఒక్కటీ ఆ క్షణాన పనికి రాలేదు.

"మేడమ్ గారూ," అంది. "నేనో మాట చెప్పొచ్చాండీ?"

"చెప్పండి."

"ఆదివారం నాకొద్దండి. ఆ రాత్రి కూడా తల్లి దగ్గరకి రాసెయ్యండి."

"అమ్మా!" జయపాల్ కుర్చీ వెనక్కి జరిగింది. "నీకేమైనా మతి పోయిందా? ఎవరు చెప్పమన్నారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నోరు తగ్గించు, మేడమ్ ఉన్నారు. నాలుగు రోజులు తల్లి దగ్గర, మూడు రోజులు నీ దగ్గర. అప్పుడు నువ్విచ్చే ఆరువేలూ కాయితం ప్రకారమే ఇస్తావు. నీ మాటా పోదు. ఆ పిల్ల అద్దె కట్టుకుని ఊళ్లో ఉంటుంది. తబిత మూడు రోజులు నీ దగ్గరుండాలన్నా, తల్లి ఈ ఊళ్లో ఉంటేనేరా అది సరిగ్గా ఉండేది. వారమంతా నా దగ్గర పడేస్తానన్నావు. తల్లి కోసం ఏడుస్తున్న పిల్లని నేనేం చేసుకోను?"

మేడమ్ కళ్లజోడు తీసింది. మాట మెత్తగానే ఉంది, కాని అందులో చేదు నిజముంది.

"అచ్చాయమ్మగారూ, ఆదివారం మీదని ఈ కాయితంలో ఎక్కడా రాయలేదు కదమ్మా. మీది కానిదాన్ని మీరెలా ఇస్తారు?"

అచ్చాయమ్మ ఆ కాయితం వంక చూసింది. అయ్యగారి రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, దేవుడు ఉన్నాడు. తన పేరు ఎంత వెతికినా లేదు.

"రాయలేదండి," అంది. "నేను వండి పెట్టాను, అంతేనండి."

మేడమ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"సరే. మీ కోరిక నేను రాస్తాను. కాని అది నిలవాలంటే ఈ ఇద్దరూ సంతకం పెట్టాలి. మీ సంతకం సాక్షిగా ఉంటుంది. ఆలోచించుకోండి."

మేడమ్ రాసిచ్చిన కాయితం మీద అచ్చాయమ్మ ముందు సంతకం పెట్టింది. ఆ తర్వాత ప్రిస్కిల్లా పెట్టింది. ఆలోచించకుండా, గబగబా, ఆలోచిస్తే పెట్టలేనన్నట్టు పెట్టింది. జయపాల్ ఫోను మోగింది. మిల్లు నుంచి. మాట్లాడి వస్తానని వరండాలోకి వెళ్లాడు. పక్క గదిలో ఎవరో పిలిస్తే మేడమ్ కూడా లేచింది.

ప్రిస్కిల్లా కుర్చీ దగ్గరకి జరుపుకుంది. రెండేళ్లలో మొదటిసారి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, కాయితం కాయితమే. ఆదివారం ఆరాధన అయ్యాక పాపని మీ దగ్గరకే పంపిస్తాను. పొద్దున్నే వచ్చి తీసుకెళ్తాను. ఎప్పటిలాగే."

అచ్చాయమ్మ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"పంపకు."

"అదేంటండీ?"

"పంపితే మళ్లీ మూడూ మూడూ అవుతుంది. ఆరునెల్లకి వాడికి గుర్తొస్తుంది. వాడు నా కొడుకు, వాడి సంగతి నాకు తెలుసు. పంపొద్దు."

ప్రిస్కిల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటలో ఉన్నదంతా ఇప్పుడు అర్థమైంది ఆమెకి. అచ్చాయమ్మకి కూడా ఇప్పుడే అర్థమైంది. బస్సులో వస్తున్నంతసేపూ కోడలి అద్దె గురించి ఆలోచించింది గాని, వచ్చే ఆదివారం సాయంత్రం గురించి ఆలోచించలేదు.

జయపాల్ తిరిగొచ్చాడు. నిలబడే కాయితం చదివాడు. మొత్తం ఒకసారి చదివి, మళ్లీ మొదట్నుంచి చదివాడు. పెన్ను మూత తీశాడు. మేడమ్ వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

సంతకం చేసే చోట పెన్ను ఆనించి ఆగిపోయాడు. కోపంగా లేడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎలా చూసేవాడో అలా చూశాడు తల్లి వంక.

"నేనిది పెడితే ఆదివారాలు ఇంక ఉండవమ్మా," అన్నాడు. "ఆరువేలు పెద్ద లెక్క కాదు, ఇచ్చేస్తాను. నీ సంగతి చెప్పు. నీకు నిజంగా వద్దా?"

వద్దని ఒక్క మాటంటే అయిపోతుంది. ప్రిస్కిల్లా తల వంచుకుని ఎదురు చూస్తోంది. మేడమ్ ఎదురు చూస్తోంది. అచ్చాయమ్మ నోరు తెరిచింది. జీవితంలో ఎంతోమందికి ఎన్నో మాటలు మొహం మీద అనేసిన మనిషి, ఆ రెండక్షరాలూ అనలేకపోయింది.

జయపాల్ సంతకం పెట్టలేదు. పెన్నుకి మూత పెట్టి, కాయితం పక్కన బల్ల మీద పెట్టేశాడు.